గుట్టకు కట్టిన ఉన్ని తాడు

మా గుట్టను మొదటిసారి చూసినవాళ్లెవరూ మెచ్చుకోరు. మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు పోయే రోడ్డు మీద, బస్సు కిటికీలోంచి చూస్తే దూరంగా కనిపిస్తుంది. బండలు, బండల సందుల్లో సీతాఫలం చెట్లు, కింద గడ్డి. జలపాతం లేదు, కోట లేదు. ఇంజనీరింగ్ కాలేజీలో నాతో చదివిన పట్నం పిల్లలను ఒకసారి తీసుకుపోతే "ఇక్కడేముంది, రాళ్లేగా" అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మాట మా ఇంట్లో ఎవరైనా అని ఉంటే అవ్వ ఆ పూట అన్నం పెట్టేది కాదు.

అవ్వ అంటే మా నాన్నమ్మ, బాపును కన్న తల్లి. మేము కురుమలం, గొర్రెల మీద బతికినవాళ్లం. గుట్ట కాగితాల్లో సర్కారుది. మా మాటల్లో అది మా కులదైవం బీరప్పది, బీరప్ప తరఫున మా అందరిదీ. మా ముత్తాతల కాలం నుంచి దాని మంచీచెడూ చూసే బాధ్యత మా ఇంటి ఆడవాళ్లది. ఆ బాధ్యత పెద్ద పనేమీ కాదు. ఒక తాడు కట్టడం, మళ్లీ దాన్ని విప్పడం.

మృగశిర కార్తెలో మిరుగు వానలు పడ్డాయంటే తాడు కట్టాలి. గుట్ట మీదికి దారి ఒక్కటే. ఆ దారి మొదట్లో రెండు పెద్ద బండలు ఎదురెదురుగా ఉండేవి. ఆ ఏడు కత్తిరించిన నల్ల గొర్రెల ఉన్నితో అవ్వే తాడు పేనేది. ఈ బండ నుంచి ఆ బండకు కట్టి మధ్యలో వేపమండలు గుచ్చేది. ఇక ఆ తాడు ఉన్నన్నాళ్లు గొర్రె లోపలికి పోదు, కొడవలి పోదు, పిల్లలు కాయ తెంపరు. గడ్డి గింజ పట్టి రాలాలి, కాయ ముదరాలి. మోకాలెత్తు తాడు అది, మేకపిల్ల కూడా దూకగలదు. కానీ దాన్ని దాటిన మనిషిని నేను చూడలేదు.

విప్పడానికి కూడా పద్ధతి ఉంది. సీతాఫలం ముదిరితే దాని గళ్ల మధ్య సందులు విచ్చుకుని తెల్లబడతాయి. కాయ కన్ను తెరిచింది అంటాం. ఎడమ బండను ఆనుకుని, తాడుకు ఇవతల ఒక చెట్టు ఉంది. ఆ చెట్టు కాయే లెక్క. దాని మీద ఒక్క కాయ కన్ను తెరిచినా ఆ రోజే తాడు విప్పాలి, రేపు మాపు అనకూడదు. కట్టిన చెయ్యే విప్పాలి. అవ్వ ముడి విప్పితే ఊరంతా ఒక్కసారిగా లోపలికి పోయేవాళ్లం. కాయలు గంపలకెత్తి, మెహిదీపట్నం బస్సు మీదికి ఎక్కించేవాళ్లం. ఆ వారం కండక్టర్లు మమ్మల్ని తిట్టుకుంటూనే కాయలు తినేవాళ్లు. అవ్వకు చూపు మందగించాక, పొద్దున్నే పోయి ఆ చెట్టు చూసి వచ్చే పని నాకు అప్పజెప్పింది. అది నాకు మా ఇంట్లో దొరికిన మొదటి ఉద్యోగం. చాలా గర్వంగా ఉండేది.

నేను కాలేజీలో చేరేనాటికి మాదాపూర్ వైపు అద్దాల మేడలు లేస్తున్నాయి. వాటి పుణ్యమా అని మా రోడ్డు మీద టాటా సుమోలు ఎక్కువయ్యాయి. అందులోంచి దిగినవాళ్లు ముందు భూమి వంక చూసేవాళ్లు, తర్వాత మా వంక చూసేవాళ్లు. సురంగల్ దిక్కు జొన్న చేలు ఉన్న చోట ఫామ్‌హౌసుల గోడలు లేచాయి, గోడల మీద గాజు పెంకులు. గోడ లోపల నెలకోసారి కూడా మనిషి ఉండడు. అయినా పొలాల సంగతి వేరు, అమ్మినవాళ్లు ఇష్టపడే అమ్మారు. గుట్ట మాత్రం ఎవరూ అమ్మలేదు. మేడలకు కంకర కావాలి, కంకరకు గుట్ట కావాలి. ఎక్కడో ఎవరో లీజు రాసిచ్చారు, మా గుట్ట కింద క్రషర్ మిషన్ దిగింది. ఆ సంగతి మాకు మిషన్ దిగాకే తెలిసింది.

అప్పుడు ముందుకు వచ్చింది మా వదిన. మా మేనత్త కూతురు, నాకంటే నాలుగైదేళ్లు పెద్దది. డిగ్రీ మధ్యలో వదిలేసి, మొయినాబాద్ చౌరస్తాలో కాలేజీ పిల్లల కోసం జిరాక్స్ దుకాణం పెట్టుకుంది. నోరు పెద్దది, కోపం ఇంకా పెద్దది. మా ఊరి పిల్లలనూ గుట్టకు అవతలి తండా పిల్లలనూ దుకాణం ముందు కూర్చోబెట్టి సంఘం అంది. అందరూ ఇరవై చుట్టుపక్కల వయసువాళ్లే. పెద్దవాళ్లు నవ్వారు. "మీసాలు రానోళ్ల సంఘం" అన్నాడు మా బాపు. వదినకు మీసాలు ఎప్పటికీ రావు కాబట్టి ఆమె పట్టించుకోలేదు.

సంఘం చేవెళ్లలో ఆఫీసుల చుట్టూ తిరిగింది. ఈ ఆఫీసులో ఆ ఆఫీసుకు పొమ్మన్నారు, ఆ ఆఫీసులో పట్నం పొమ్మన్నారు. గుట్ట మీద పడిన వాన మా వాగులోకి, వాగు నుంచి పట్నం తాగే చెరువులోకి పోతుందని వదిన ప్రతి టేబుల్ ముందూ చెప్పింది. విన్నవాళ్లందరూ బాటిల్ నీళ్లు తాగేవాళ్లే. చివరికి పట్నంలో ఒక వకీలు కేసు వేయడానికి ఒప్పుకున్నాడు. ఈలోగా మిరుగు వచ్చింది. అవ్వ ఎప్పటిలాగే తాడు పేనింది, కట్టింది. ఆమె క్రషర్ గురించి ఆలోచించి కట్టలేదు. వాన పడింది కాబట్టి కట్టింది.

ఆ తర్వాత కొద్ది రోజులకు జేసీబీ పైకి బయలుదేరింది. వదినా మేమూ పరుగెత్తి పోయేసరికి అది తాడు ముందు ఆగి ఉంది. డ్రైవర్ పాలమూరు మనిషి. కిందికి దిగి, చెప్పులు విడిచి, వేపమండల వంక చూస్తున్నాడు.

"ఇది ఎవల కట్టు?" అని అడిగాడు.

"బీరప్పది. మా అవ్వ కట్టింది" అంది వదిన.

అతను వెనక జీపులో ఉన్న క్రషర్ మేనేజర్ దగ్గరికి పోయి, "నాతోటి కాదు సార్. నాకు చిన్న పిల్లలున్నరు" అన్నాడు. బండి వెనక్కి తిప్పుకున్నాడు. తర్వాత వచ్చిన డ్రైవర్ కూడా అంతే, రాళ్లు కొట్టే కూలీలు కూడా అంతే. ఆఫీసులకు అర్థం కాని సంగతి వాళ్లకు మోకాలెత్తు తాడు చూడగానే అర్థమైంది. వదిన ఆ రోజు నన్ను గట్టిగా పట్టుకుని ఏడ్చింది. ఆమె ఏడవడం నేను అదే మొదటిసారి చూడటం.

మేనేజర్ తెలివైనవాడు. గొడవ పెట్టుకోలేదు. ఒక సాయంత్రం స్వీటు డబ్బా పట్టుకుని మా ఇంటికి వచ్చి అవ్వ ముందు కింద కూర్చున్నాడు.

"అవ్వా, మీ దేవునికి మేము అడ్డం రాము. తాడు ఎప్పుడు ఇప్పుతరో చెప్పుండ్రి. అప్పటిదాంక మావోళ్లు గుట్ట ముట్టరు."

"కాయ కన్ను తెరిచిన నాడు ఇప్పుత" అంది అవ్వ. "దసర పండుగకు జర అటు ఇటు."

అతను దండం పెట్టి పోయాడు. వదినకు తెలిసి దుకాణం మూసేసి వచ్చింది. "గాయనకు ఎందుకు చెప్పినవ్ అవ్వా? అబద్ధమన్న ఆడకపోతివి" అని అరిచింది.

అవ్వకు ఆ కోపం అర్థమే కాలేదు. "తాడు ఎప్పుడు ఇప్పుతరని అడిగినోనికి చెప్పకుంట ఎట్లుంటమే? తండోళ్లకు చెప్తం, ఊరోళ్లకు చెప్తం. గాయనకు చెప్పొద్దా?" అంది. స్వీటు డబ్బా మాత్రం ముట్టుకోలేదు. దాన్ని మా కుక్క తిన్నది.

ఆ ఏడు వానలు మొదట్లో పడి మొహం చాటేశాయి. బయటి గడ్డి భాద్రపదానికే మాడిపోయింది. బాపు తుమ్మ కొమ్మలు నరికి గొర్రెలకు వేసేవాడు. ఒక చూలు గొర్రె నిలబడలేక పడిపోతే దాన్ని భుజాన వేసుకుని ఇంటికి తెచ్చాడు. తాడుకు అవతల గడ్డి నడుమెత్తు ఉంది, మందను ఆ పక్క నుంచే తోలుకుపోవాలి. గొర్రెలు తల అటు తిప్పి అరుస్తుంటే వినలేకపోయేవాళ్లం. కేసేమో దసరా సెలవుల తర్వాత కోర్టులోకి వస్తుందని వకీలు చెప్పాడు. వదిన రోజులు లెక్క పెట్టుకుంటోంది, బాపు గొర్రెల డొక్కలు లెక్క పెట్టుకుంటున్నాడు.

ఒక రోజు వదిన మా వాకిట్లోకి వచ్చి, "మామా, కాయ తెరిచినా సెలవులు అయిపోయేదాంక తాడు ఉండనియ్యిండ్రి. కోర్టు ఆర్డరొస్తె గుట్ట బతుకుతది" అంది.

"నీ కోర్టు నా గొర్లకు గడ్డి ఏస్తదా?" అన్నాడు బాపు.

"ఒక్క ఏడు మామా."

"ఒక్క ఏడు గొర్లు సస్తె మల్ల ఏడు ఏం కాస్తనే బిడ్డా?"

ఆమె మాట సబబే, ఆయన మాటా సబబే. నేను గడపలో కూర్చుని ఇద్దరి మొహాలూ చూస్తున్నాను. నాకు ఆ ఇంట్లోంచి లేచి ఎటైనా పారిపోవాలనిపించింది.

కాయ పండుగ దాకా ఆగలేదు. సెలవులు ఇంకా మొదలు కూడా కాకముందే, ఒక పొద్దున ఎడమ బండ దగ్గర చెట్టుకు కింది కొమ్మన ఒక కాయ విచ్చుకుని ఉంది. సందులు తెల్లగా, ఏ అనుమానమూ లేకుండా. నేను దాన్ని తెంపాను. వెనక్కి తిరిగితే వదిన నిలబడి ఉంది. రోజూ నాకంటే ముందే వచ్చి చూస్తోందట.

"ఇంక తెరవలేదని చెప్పు" అంది. "అవ్వకు కండ్లు అవుపడవు గద. నువ్వు చెప్పిందే మాట. నీ కాళ్లు మొక్కుత."

నాకంటే పెద్దది నా కాళ్లు మొక్కుతానంటే వెనక్కి జరిగాను. కాయ చేతిలో పట్టుకుని ఇంటికి నడిచాను. దారి పొడవునా ఏం చెప్పాలో తోచలేదు. వదిన నా వెనకే వస్తోంది. అవ్వ అరుగు మీద కూర్చుని ఉన్ని వడుకుతోంది. నేను ముందు నిలబడ్డాను. అవ్వ చెయ్యి చాపింది. నేను ఇవ్వక ముందే నా చేతిని తడిమి కాయ అందుకుంది. బొటనవేలితో దాని సందులు ఒక్కొక్కటే నిమిరింది.

"తెరిచింది గదనే" అంది. "గొంతు పోయిందా నీకు?"

అప్పుడు వదిన అవ్వ ముందు కూలబడింది. ఈ ఒక్కసారి ఆగమని, కోర్టు ఉందని, ఇప్పుడు విప్పితే మిషన్ లోపలికి వస్తుందని, అంతా చెప్పింది. అవ్వ పూర్తిగా వింది. వడికే కదురు పక్కన పెట్టింది.

"నా తాడు కాడ ఆ డ్రైవరు ఎందుకాగిండు? కాయ తెరిస్తె ఇప్పుతరని నమ్మి ఆగిండు. ఊరోళ్లు గొర్లు మాడుతున్నా ఎందుకాగిండ్రు? గందుకే. ఇయ్యాల ఇప్పకపోతే అది తాడు గాదు బిడ్డా, ఆ ఫామ్‌హౌసోళ్ల గోడ. మల్ల ఏడు నేను కడితె ఎవడాగుతడు?"

"మల్ల ఏడు కట్టెతందుకు గుట్ట ఉంటదా?" అంది వదిన.

అవ్వ లేచి నా భుజం పట్టుకుని నడిచింది. ఊరు వెనకే వచ్చింది. అవ్వ ముడి విప్పింది. మంద లోపలికి ఉరికింది. ఆ ఏడు గడ్డి మీద పడ్డ గొర్రెల చప్పుడు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. బాపు బండ మీద కూర్చుని అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. వదిన మాత్రం లోపలికి రాలేదు. "నీ చేతులతోటే అప్పజెప్పినవ్" అని అవ్వతో అని, కాలినడకన చౌరస్తాకు పోయింది. ఆ తర్వాత అవ్వతో మాట్లాడటం మానేసింది.

మేనేజర్ మాట తప్పలేదు. కాయలు తెంపడం అయ్యేదాకా ఆగాడు. ఆ తర్వాత మా తాడు సంగతి తెలియని డ్రైవర్లను ఎక్కడి నుంచో తెచ్చాడు. లారీకి దారి చాలదని మొదటి మందుగుండు కుడి బండకే పెట్టారు. ఆ చప్పుడుకు మా ఇంట్లో ఉట్టి మీది కుండ పగిలింది. అవ్వ పగిలిన పెంకులు ఏరుతూ ఉండిపోయింది. సెలవుల తర్వాత కోర్టు ఆర్డర్ వచ్చింది, పని ఆపమని. అప్పటికి బండ పోయింది, దాని వెనక గుట్ట తూర్పు కొమ్ము పోయింది. సీతాఫలం చెట్లున్న చోట తెల్లటి గుంత.

అదే ఏడాది మా కాలేజీకి వచ్చిన ఒక కంపెనీలో నాకు ఉద్యోగం వచ్చింది. కంపెనీ బండి ఊరి దాకా రాదు కాబట్టి మెహిదీపట్నంలో ఎక్కేదాన్ని. మా ఆఫీసు మేడ కొత్తది, ఇంకా సిమెంటు వాసన వచ్చేది. మొదటి రోజు మెట్లెక్కుతుంటే ఈ కాంక్రీటులో ఉన్న కంకర ఏ గుట్టది అనే ఆలోచన వచ్చింది. వచ్చిన ఆలోచన మళ్లీ పోలేదు. జీతం వచ్చిన రోజు ఇంట్లో అందరూ సంతోషించారు, నేనూ సంతోషించాను. ఆ సంతోషంలో ఏదో పంటి కింద రాయిలా తగులుతూ ఉండేది.

ఎండాకాలంలో ఆ ఆర్డర్ ఎత్తేశారు. ఎందుకు ఎత్తేశారో మాకు అర్థమయ్యేలా ఎవరూ చెప్పలేదు. వకీలు మళ్లీ వేద్దామన్నాడు. కింద లారీలు వరసగా నిలబడ్డాయి. అంతలో మిరుగు వాన పడింది.

అవ్వ తాడు పేనడం మానలేదు. పేనిన తాడు చంకలో పెట్టుకుని నా భుజం పట్టుకుని గుట్టకు బయలుదేరింది. ఎడమ బండకు ఒక కొస కట్టింది. రెండో కొస పట్టుకుని కుడి వైపుకు నడిచి, అలవాటైన చోట చెయ్యి చాపింది. చేతికి ఏమీ తగల్లేదు. ఇంకాస్త ముందుకు చాపింది. ఆ చెయ్యి గాలిలో వెతుకుతుంటే నేను చూడలేకపోయాను. బండ లేదని ఆమెకు తెలుసు, అందరం చెప్పాం. కానీ చేతికి ఆ రోజే తెలిసింది.

వదిన వచ్చింది మాకు తెలియదు. సంఘం పిల్లలతో కలిసి పక్కనే నిలబడి ఉందట. నిరుటి నుంచి మాట్లాడనిది ఇప్పుడూ మాట్లాడలేదు. అవ్వ చేతిలోంచి తాడు కొస తీసుకుని, తన నడుముకు ఒక చుట్టు చుట్టుకుని, ముడి వేయమని మళ్లీ అవ్వ చేతికే ఇచ్చింది. బండ ఉన్న చోటే నిలబడింది. అవ్వ ఆమె నడుము తడిమి చూసింది. మనిషి ఎవరో చెయ్యి గుర్తుపట్టింది. ముడి వేసింది, వేపమండలు గుచ్చింది.

ఆ వానాకాలమంతా ఆ బండ మా పిల్లలే. పగటి పూట లారీలు కదిలే వేళంతా వంతులు వేసుకుని నిలబడ్డారు. అవ్వ వేసిన ముడి విప్పకుండానే తాడు చుట్టును తల మీదుగా తీసి ఇంకొకరు తొడుక్కునేవాళ్లు. వాన పడితే గొంగడి కప్పుకునేవాళ్లు. ఆదివారాలు నేను నిలబడేదాన్ని. తాడు నడుముకు ఉంటే అటూ ఇటూ పోలేం, ఊరికే నిలబడాలి. అది అనుకున్నంత తేలిక కాదు. కొత్త డ్రైవర్లు కూడా మనిషికి కట్టిన తాడు దాటలేదు. హారన్ కొట్టారు, తిట్టారు, పోలీసులను పిలిచారు. వచ్చిన పోలీసాయన వదినను జీపెక్కమన్నాడు. "తాడు ఇప్పెటోళ్లు ఇంటికాడున్నరు సార్, కాయ తెరిస్తె వస్తరు" అంది ఆమె. ఆయన కాసేపు నిలబడి చూసి పోయాడు. బాపు మాత్రం "పెండ్లి చూపులకు కూసుండమంటె క్షణం ఆగని పిల్ల, ఇక్కడ నెలలు నెలలు నిలవడ్డది" అని ఊరంతా చెప్పుకున్నాడు. ఆ చెప్పడంలో వెక్కిరింత కంటే గర్వమే ఎక్కువ.

నాకు లోపల ఒకటే భయం. కాయ తెరిచే రోజు వస్తుంది. కేసు ఆ ఏడు కూడా తేలలేదు. ఈసారి వదిన ఏం చేస్తుంది? తాడు ఆమె నడుముకే ఉంది, ఆమె వదలనంటే అవ్వ ఏం చేయగలదు?

ఆ పొద్దున ఆదివారం. నేను చెట్టు చూడటానికి బయలుదేరుతుంటే వదిన ఎదురొచ్చింది. చేతిలో కాయ ఉంది. నన్ను దాటుకుని నేరుగా అవ్వ దగ్గరికి పోయి కాయను ఆమె అరచేతిలో పెట్టింది.

"అవ్వా, కన్ను తెరిచింది. వచ్చి ఇప్పు."

ఏడాదిలో అవ్వతో ఆమె మాట్లాడిన మొదటి మాట అది. అవ్వ కాయను నిమరలేదు. అలాగే చేతిలో పట్టుకుని కూర్చుంది.

"ఇప్పితె ఆళ్లొస్తరు గద బిడ్డా?"

"వస్తరు. నువ్వు ఇప్పు. మల్ల మిరుగుకు కడదం."

"దేనికి కడతం?"

వదిన అవ్వను లేపి భుజం అందించింది. గుట్ట దగ్గర ఆమె మళ్లీ తన చోట నిలబడి అవ్వ వేసిన ముడితోనే తాడు తొడుక్కుంది, కట్టిన చెయ్యే విప్పాలి కాబట్టి. అవ్వ ముడి విప్పింది. మంద లోపలికి పోయింది, మందతో ఊరు పోయింది. కింద లారీ ఒకటి ఇంజన్ స్టార్ట్ చేసింది, ఆ వెనక ఇంకొకటి. వదిన తాడును చుట్టి చంకలో పెట్టుకుంది. అవ్వను నా భుజానికి అప్పజెప్పి, కాయలు తెంపడానికి తానూ లోపలికి పోయింది.